ఆకాశంలో పద్దెనిమిది, కాగితం మీద ఎనిమిది వందలు

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసి రోడ్డు దాటితే, ఎదురుగా ఒక భారీ విమానం కనిపిస్తుంది. అది టీయూ-142. సముద్రం మీద నిఘా వేసి శత్రు జలాంతర్గాముల్ని వెతికే పనిలో 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళానికి సేవ చేసింది. దాని ఇంజన్ల దగ్గర కాసేపు ఆగి చూడండి. రెక్కకి రెండు చొప్పున నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు. ముందుది ఒక దిక్కుకి తిరిగితే వెనకది ఎదురు దిక్కుకి తిరుగుతుంది. జెట్ విమానానికి ఉండాల్సినట్టు వెనక్కి వాలిన రెక్కలకి ప్రొపెల్లర్లు బిగించిన ఈ వింత రూపం దీనికి తండ్రి నుంచి వచ్చింది. ఆ తండ్రి పేరు టీయూ-95. అమెరికా దాకా వెళ్లి అణుబాంబు వేయడానికి సోవియట్ యూనియన్ తయారుచేసుకున్న బాంబర్ అది.

1955 జులైలో మాస్కో శివార్లలోని తుషినో మైదానం మీదుగా ఈ టీయూ-95లు కొన్ని ఎగిరాయి. వాటితోపాటు మ్యాసిష్చెవ్ ఎం-4 అనే మరో బాంబర్ కూడా బారులు తీరి వెళ్లింది. కింద నిలబడి చూసినవాళ్లలో అమెరికా రాయబార కార్యాలయం నుంచి వచ్చిన వాయుసేన అధికారులున్నారు. వాళ్లు తలలెత్తి లెక్కపెట్టారు. ఆ లెక్క వాషింగ్టన్ చేరింది. ఏడాది తిరిగేసరికి అమెరికా కాంగ్రెస్ తన వాయుసేనకి, అధ్యక్షుడు అడిగినదానికన్నా 90 కోట్ల డాలర్ల పైచిలుకు ఎక్కువ డబ్బు కేటాయించింది. ఆ రోజుల్లో అది మామూలు మొత్తం కాదు.

ఈ వ్యవహారాన్ని చరిత్రలో ‘బాంబర్ గ్యాప్’ అంటారు. బాంబర్ల సంఖ్యలో సోవియట్లు ముందున్నారు, మనం వెనకబడ్డాం అన్న భయానికి అమెరికాలో పెట్టిన పేరది. నిజానికి ఆ తేడా ఎన్నడూ లేదు. ఉన్నదల్లా అటు తిరిగిన తేడా, అమెరికాయే ఎంతో ముందుంది. మరి పండగలాంటి ఒక ప్రదర్శన చూసి, యుద్ధంలో ఆరితేరిన జనరళ్లు అంతగా ఎలా పొరబడ్డారు?

తుషినోలో జరిగిందని ఎక్కువగా చెప్పే కథ ఇది. మొదట పది ఎం-4 బాంబర్లు వేదిక మీదుగా వెళ్లాయి. కనుచూపు దాటాక చుట్టు తిరిగి, ఇంకో ఎనిమిదింటిని కలుపుకుని మళ్లీ వచ్చాయి. చూసేవాళ్ల లెక్కలో పదీ, పద్దెనిమిదీ కలిసి ఇరవై ఎనిమిది. ఉన్నవి మాత్రం పద్దెనిమిదే. మన పద్య నాటకాల్లో నలుగురు భటులే తెర వెనక నుంచి చుట్టి వచ్చి కురుసైన్యం అంతటినీ నడిపించేవాళ్లే, అచ్చం అలాగే. నిజంగా అలా చుట్టు తిప్పారా లేదా అన్నదాని మీద చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. కానీ నా మటుకు నాకు ఆ ప్రశ్న అంత ముఖ్యం అనిపించదు. ఎందుకంటే తిప్పారనే అనుకుందాం. ఆకాశంలో ఆడిన అబద్ధం పది విమానాలది. అమెరికా విశ్లేషకులు 1960 నాటికి సోవియట్ల దగ్గర ఉంటాయని వేసిన అంచనా ఎనిమిది వందలు. మధ్యలో ఉన్న ఏడొందల డెబ్బై పైచిలుకు విమానాలు మాస్కోలో పుట్టలేదు. వాషింగ్టన్‌లో, కాగితం మీద పుట్టాయి.

ఎలా పుట్టాయో చూడాలంటే ఆ రోజుల్లో అంచనా ఎలా వేసేవాళ్లో తెలియాలి. సోవియట్ యూనియన్ అప్పట్లో తలుపులు బిగించుకున్న ఇల్లు. ఏ ఫ్యాక్టరీలో ఏం తయారవుతోందో బయటికి పొక్కేది కాదు. విదేశీ అధికారులు మాస్కో దాటి వెళ్లాలంటే అనుమతి కావాలి, వెళ్లినా వెంట ఒక కన్ను ఉండేది. అలాంటి చోట ఏడాదికి రెండుసార్లు, మే డే నాడూ వైమానిక దినోత్సవం నాడూ, ప్రభుత్వమే తన విమానాల్ని తెచ్చి నెత్తి మీద ఎగరేసేది. అందుకే ఎంబసీల అధికారులు రిహార్సల్స్ నుంచే మైదానాల చుట్టూ కాచుకుని ఉండేవాళ్లు. రెక్క వాలు ఎంత, ఇంజన్లు ఎన్ని, పొడవు ఎంత ఉండొచ్చు అని ఫొటోల మీద కొలిచేవాళ్లు. సోవియట్లు పెట్టుకున్న పేర్లు కూడా తెలియవు కాబట్టి కొత్త విమానానికి నాటో తనే ఓ పేరు పెట్టేది. బాంబరైతే బి అక్షరంతో, ఫైటరైతే ఎఫ్ అక్షరంతో. ఎం-4కి ‘బైసన్’ అని, టీయూ-95కి ‘బేర్’ అని పేర్లు పడ్డాయి. ఒకటి అడవిదున్న, ఇంకోటి ఎలుగుబంటి.

ఇక లెక్క. ప్రదర్శనకి వచ్చినవి మొత్తంలో కొన్నే అయి ఉంటాయి, మిగతావి స్థావరాల్లో ఉంటాయి అన్నది మొదటి ఊహ. మొదటి విమానం ఎగిరి రెండేళ్లు దాటింది కాబట్టి ఫ్యాక్టరీ ఇప్పటికే ఊపందుకుని ఉంటుందన్నది రెండోది. అమెరికన్ ఫ్యాక్టరీలు ఎలా వేగం పెంచుకుంటాయో వీళ్లూ అలాగే పెంచుకుంటారన్నది మూడోది. అన్నిటికన్నా పెద్ద ఊహ నాలుగోది: తయారు చేయగలిగితే తప్పకుండా తయారు చేస్తారు. విడివిడిగా చూస్తే ఏదీ తెలివితక్కువ ఊహ కాదు. కానీ ఒక దాన్ని ఇంకో దానితో గుణిస్తూ పోతే, మొదట్లో జరిగిన పది విమానాల పొరపాటు అయిదేళ్ల చివర వందల్లోకి వెళుతుంది. గోరంత కొండంత కావడం అంటే ఇదే. ఇక్కడ పెంచింది నోళ్లు కావు, గుణకారం.

అమెరికన్లు ఊరికే భయపడే రకం అనుకుంటే వాళ్లకి అన్యాయం చేసినట్టే. వాళ్ల భయానికి పాత అనుభవం ఉంది. 1944లో జపాన్ వైపు దాడులకి వెళ్లిన మూడు అమెరికన్ బి-29 బాంబర్లు దెబ్బతినో ఇంధనం చాలకో సోవియట్ దూరప్రాచ్యంలో, వ్లాదివొస్తోక్ దగ్గర దిగాయి. అప్పటికి సోవియట్లు జపాన్‌తో యుద్ధంలో లేరు, ఆ పోరులో తటస్థులు కాబట్టి విమానాల్ని తిరిగివ్వలేదు. స్టాలిన్ వాటిని విమానాల రూపకర్త టుపొలెవ్‌కి అప్పగించి, అచ్చుగుద్దినట్టు అలాంటిదే కట్టమన్నాడు. 1947 ఆగస్టు 3న తుషినో మీద మూడు బి-29ల్లాంటి విమానాలు ఎగిరాయి. చూసేవాళ్లకి ‘ఇవి మన మూడేగా’ అనిపించడం సహజం. అంతలో వాటి వెనకే నాలుగోది వచ్చింది. అవే రెక్కలు, అవే ఇంజన్లు, కానీ ప్రయాణికుల కోసం కొత్తగా కట్టిన శరీరం. టీయూ-70 అది. నాలుగోది రాగానే సంగతి తేలిపోయింది. సోవియట్లు ఆ విమానాన్ని ముక్క ముక్కా నకలు తీశారు, సొంతంగా తయారు చేస్తున్నారు.

అంటే తుషినో అప్పుడు నిజమే చెప్పింది. ఆ తర్వాత 1949 ఆగస్టులో సోవియట్లు అణుబాంబు పేల్చారు, అమెరికా అనుకున్నదానికన్నా ముందే. 1950 చివర్లో కొరియా ఆకాశంలో సోవియట్ జెట్ ఫైటర్ మిగ్-15 కనబడి, అమెరికన్ పైలట్లు ఊహించని వేగంతో పైకి లేచింది. వరసగా మూడుసార్లు తక్కువ అంచనా వేసి దెబ్బతిన్నవాళ్లు నాలుగోసారి ఎక్కువ అంచనా వేశారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా మానవ సహజంగా కనిపించేది ఇదే. పాలు తాగి నోరు కాల్చుకున్నవాడు మజ్జిగని కూడా ఊదుకు తాగుతాడు.

అవతలి వైపు చూద్దాం. తుషినో ప్రదర్శన అంటే సోవియట్ నాయకత్వానికి ఎంత ప్రతిష్ఠో చెప్పడానికి వాసిలీ స్టాలిన్ ఒక్కడు చాలు. స్టాలిన్ రెండో కొడుకు. పాతికేళ్లు నిండీ నిండకుండానే జనరల్ అయి, 1948లో మాస్కో సైనిక జిల్లా వాయుసేనకి అధిపతి అయ్యాడు. రాజధాని మీద ఎగిరే కవాతుల భారం అతనిదే. చిన్న విమానాల్ని అక్షరాల ఆకారంలో బారులు తీర్చి ‘స్టాలిన్‌కు జయం’ అని ఆకాశంలో రాయించిన రోజులవి. వేర్వేరు స్థావరాల నుంచి లేచిన వందల విమానాలు ఒక్కో వేగంతో వచ్చి, సెకన్ల తేడాలో ఒకే మైదానం మీదుగా వెళ్లాలి. మబ్బు పట్టినా, గాలి తిరిగినా ఆ క్రమం చెదిరిపోతుంది. 1952 మే డే నాడు వాతావరణం బాగాలేకున్నా కవాతు జరిపించారు, అందులో బాంబర్ కూలింది. అదే ఏడాది వైమానిక దినోత్సవం నాడు అతను తప్పతాగి కనిపించడంతో తండ్రే పదవి నుంచి తప్పించాడు. 1953లో తండ్రి పోయిన కొద్ది వారాలకే అరెస్టయ్యాడు. 1962లో కజాన్‌లో చనిపోయేనాటికి నలభై ఒకటో ఏడు కూడా నిండలేదు.

స్టాలిన్ తర్వాత సోవియట్ నాయకుడైన కృశ్చేవ్‌కి ఈ ప్రదర్శనలు వేరే పనికి పనికొచ్చాయి. ఆయన దగ్గర ఉన్న బాంబర్ల బలహీనత ఆయనకి బాగా తెలుసు. ఎం-4 చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. నాలుగు పెద్ద జెట్ ఇంజన్లు రెక్కల మొదట్లో ఇమిడిపోయి ఉంటాయి. 1953 జనవరిలో మొదటిసారి ఎగిరింది. కానీ ఆ ఇంజన్లు ఇంధనాన్ని తాగేసేవి. ఒకసారి ట్యాంకు నింపితే అది వెళ్లగలిగింది ఎనిమిది వేల కిలోమీటర్ల చిల్లర. మాస్కో నుంచి వాషింగ్టన్‌కి ఒక్క వైపు దూరమే దాదాపు 7,800 కిలోమీటర్లు. వెళ్లడం ఉంది కానీ రావడం లేదు. దాన్ని రూపొందించిన మ్యాసిష్చెవ్, బాంబులు వేశాక మెక్సికోలో దిగొచ్చని సర్దిచెప్పబోయాడట. ‘మెక్సికో అంటే ఏమనుకున్నావ్, మా అత్తగారిల్లా? ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లి దిగడానికి!’ అన్న అర్థంలో తాను మండిపడ్డానని కృశ్చేవ్ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. టీయూ-95కి దూరం వెళ్లే శక్తి ఉంది. కానీ ప్రొపెల్లర్ విమానం కావడంతో అమెరికన్ జెట్ ఫైటర్లని దాటుకుని లోపలికి చొచ్చుకుపోగలదన్న నమ్మకం ఆయనకి లేదు.

బలం తక్కువున్నవాడికే బలం ఎక్కువున్నట్టు కనిపించాల్సిన అవసరం ఎక్కువ. 1955లో అమెరికా దగ్గర బి-47 జెట్ బాంబర్లు వెయ్యికి పైగా ఉన్నాయి, వాటికి సోవియట్ యూనియన్ చుట్టూరా స్థావరాలున్నాయి, ఆ ఏడాదే బి-52లు కూడా దళంలో చేరడం మొదలైంది. అంత బలమున్న శత్రువు ‘ఇప్పుడే దాడి చేసేద్దాం’ అనుకోకుండా ఉండాలంటే, తిరిగి కొట్టగలమన్న అనుమానమైనా వాడిలో మిగల్చాలి. తుషినో మీది బారు ఆ అనుమానం కోసమే. అదే నెల 21న జెనీవాలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక ప్రతిపాదన పెట్టాడు. మీ విమానాలు మా దేశం మీద, మా విమానాలు మీ దేశం మీద స్వేచ్ఛగా ఎగిరి ఫొటోలు తీసుకుందాం, దాపరికం వద్దు అన్నాడు. కృశ్చేవ్ అది గూఢచర్యం తప్ప మరోటి కాదని కొట్టిపారేశాడు. ఆయన వైపు నుంచి చూస్తే ఇంకేం చేయగలడు? పైనుంచి చూడనిస్తే ఖాళీ స్థావరాలు కనబడతాయి.

ఈ ఎత్తు కొత్తదేం కాదు. 1938 ఆగస్టులో ఫ్రెంచ్ వాయుసేన అధిపతి జనరల్ వ్యిమాఁని జర్మనీ అతిథిగా పిలిచింది. జర్మన్ వాయుసేన అధిపతి గోరింగ్ మనుషులు ఆయన్ని ఫ్యాక్టరీలకీ స్థావరాలకీ తిప్పారు. గోరింగ్ కింది అధికారి ఉదెత్ స్వయంగా ఆయన్ని ఒక చిన్న విమానంలో నెమ్మదిగా తీసుకెళుతుంటే, పక్కనుంచి హైంకెల్ 100 అనే కొత్త ఫైటర్ మెరుపులా దూసుకుపోయింది. దిగాక గోరింగ్ కింది మరో అధికారి మిల్హ్, ఉదెత్ ఆయన వింటుండగా దాని ఉత్పత్తి ఎంతదాకా వచ్చిందో మాట్లాడుకున్నారు. రెండో లైను సిద్ధమట, మూడోది త్వరలోనే అట. నిజానికి అప్పటికి ఉన్నవి పరీక్షా విమానాలు మాత్రమే. యుద్ధం వస్తే ఫ్రెంచ్ వాయుసేన కొద్ది రోజుల్లో తుడిచిపెట్టుకుపోతుందన్న అభిప్రాయంతో వ్యిమాఁ ఇంటికి వెళ్లాడు. నెల తిరిగాక మ్యూనిక్‌లో చెకోస్లొవేకియా సరిహద్దు భూభాగాన్ని హిట్లర్‌కి వదిలేసిన ప్రభుత్వాల్లో ఫ్రాన్స్ ఒకటి. ఆ నిర్ణయానికి కారణాలు చాలా ఉన్నాయి, కానీ సొంత సేనాధిపతి గుండె జారిపోవడం అందులో చిన్నది కాదు.

1938కీ 1955కీ ఒక పెద్ద తేడా ఉంది. భయపడ్డ ఫ్రాన్స్ చేతులెత్తేసింది. భయపడ్డ అమెరికా ఫ్యాక్టరీల వేగం పెంచింది. ఆ తేడా చేసింది అమెరికా జనరళ్లూ సెనేటర్లూ.

వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది కర్టిస్ లెమే గురించి. అమెరికా అణు బాంబర్లన్నీ 1948 నుంచి ఆయన చేతి కింద ఉండేవి. 1945 మార్చిలో టోక్యో నగరాన్ని ఒక్క రాత్రిలో తగలబెట్టిన దాడి ఆయన నడిపించిందే. బాంబర్ల దండు ఒక దేశాన్ని ఏం చేయగలదో చేసి చూసిన మనిషి కాబట్టి, ఎదుటివాడి దగ్గర అదే ఉందంటే ఆయనకి కలిగే భయంలో నటన లేదని నేను నమ్ముతాను. కానీ ఆ భయం ఆయన దళం ఎదుగుదలకి సరిగ్గా సరిపోయే భయం కూడా. 1956 ఏప్రిల్ నుంచి సెనేట్ ఉపసంఘం ఒకటి విచారణ జరిపింది. దానికి అధ్యక్షుడు స్టువార్ట్ సిమింగ్టన్. గతంలో అమెరికా వాయుసేనకి మొట్టమొదటి మంత్రిగా పనిచేసిన మనిషి, ఇప్పుడు ఐసెన్‌హోవర్‌కి ప్రతిపక్షం, పైగా అది అధ్యక్ష ఎన్నికల సంవత్సరం. పద్ధతి మారకపోతే కొన్నేళ్లలో సోవియట్ బాంబర్ దళం తన దళాన్ని మించిపోతుందని లెమే అక్కడ సాక్ష్యం చెప్పాడు. వాయుసేన నిఘా విభాగం సంఖ్యలు పెద్దవి, సీఐఏ వాళ్లవి అంతకన్నా తక్కువ. వాయుసేనకి డబ్బు పెరిగితే తమకి తగ్గే సైన్యం, నౌకాదళం కూడా తక్కువ వైపే మొగ్గాయి. ఎవరి శాఖ ఎక్కడుందో వాళ్ల అంచనా అక్కడుంది. ఎవరూ కావాలని అబద్ధం ఆడాల్సిన పని లేకుండానే ఇది జరుగుతుంది. సందేహం వచ్చిన ప్రతిచోటా మనసు తన వాళ్ల వైపు ఒరుగుతుంది. అదనపు డబ్బు అలా మంజూరైంది.

సరిగ్గా ఆ విచారణ నడుస్తుండగానే మాస్కో నుంచి ఆహ్వానం వచ్చింది. 1956 జూన్ 24న తుషినోలో ప్రదర్శన, చూడ్డానికి రండి అని పలు దేశాల వాయుసేనాధిపతుల్ని పిలిచారు. అమెరికా వాయుసేనాధిపతి జనరల్ నేథన్ ట్వైనింగ్ తన బృందంతో వెళ్లాడు. వేదిక ఎక్కి విమానాలు చూశాడు, విందుకి హాజరయ్యాడు, ఫ్యాక్టరీలూ శిక్షణ సంస్థలూ తిరిగాడు. ప్రచ్ఛన్న యుద్ధం మధ్యలో ఒక దేశపు సేనాధిపతి ఇంకో దేశపు ఆతిథ్యంలో, అదే ఆకాశం కింద. ఆ సమయంలో పశ్చిమ జర్మనీలోని వీస్‌బాడెన్‌లో ఒక రహస్యం సిద్ధంగా ఉంది. యూ-2. ఇరవై కిలోమీటర్లకు పైన ఎగిరే సీఐఏ నిఘా విమానం. ట్వైనింగ్ మాస్కోలో అతిథిగా ఉన్నంతకాలం దాన్ని సోవియట్ భూభాగం మీదికి పంపకుండా ఆపారు. ఆయన తిరిగి రాగానే జులై 4న మొదటి విమానం లేచి మిన్స్క్, లెనిన్‌గ్రాడ్ మీదుగా ఎగిరింది. మర్నాడు రెండోది మాస్కో మీదికే వెళ్లింది. ఎం-4లు తయారయ్యే ఫిలీ ఫ్యాక్టరీ కెమెరాకి చిక్కింది.

తుషినోలో తెర ముందు నిలబడి చూసినవాళ్లు ఇప్పుడు తెర పైకెక్కి వెనక్కి తొంగిచూశారు. వెనక భటులు లేరు. బైసన్‌లు గుంపులుగా ఉంటాయనుకున్న దూరగామి బాంబర్ల స్థావరాల్లో అవి కనిపించలేదు. తర్వాతి నెలల్లో ఫ్యాక్టరీ లెక్కలూ ఈ ఫొటోలూ కలిపి చూసుకుని అంచనాల్ని కిందికి దించుతూ వచ్చారు. ఆఖరికి ఎం-4, దాన్ని మెరుగుపరిచిన 3ఎం, రెండూ కలిపి సోవియట్లు కట్టింది వంద ప్రాంతంలో. అమెరికా మాత్రం మొత్తం 744 బి-52లు కట్టింది.

ఐసెన్‌హోవర్ ఇబ్బంది నాకు మనసుకి పట్టే విషయం. తన దగ్గర ఫొటోలున్నాయి. సిమింగ్టన్ తప్పు, లెమే తప్పు అని చూపించే ఫొటోలు. బయటపెడితే, వేరే దేశం గగనతలంలోకి చొరబడ్డామని ఒప్పుకున్నట్టే. సోవియట్ రాడార్లు ఆ విమానాల్ని మొదటి రోజు నుంచే పసిగట్టాయి. జులై 10న నిరసన లేఖ కూడా వచ్చింది. అటు కృశ్చేవ్‌కీ నోరు పెగలదు. మీ విమానం మా నెత్తిన ఎగురుతుంటే కూల్చలేకపోయాం అని జనానికి ఎలా చెబుతాడు? అలా నిజం తెలిసిన ఇద్దరూ మౌనంగా ఉండిపోయారు. తెలియనివాళ్ల వాదనే వీధుల్లో వినబడింది. ఆ మౌనంలోంచే తర్వాతి భయం పుట్టింది. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ పైకి వెళ్లాక బాంబర్ అన్న మాట పోయి క్షిపణి అన్న మాట వచ్చింది. ‘మిసైల్ గ్యాప్’ అని 1960 ఎన్నికలదాకా అదే కథ మళ్లీ నడిచింది. ఈసారి దాన్ని తేల్చినవి ఉపగ్రహ చిత్రాలు.

తుషినో మాత్రం తన పాత్ర ఇంకోసారి పోషించింది. 1961 జులై 9న, రెండు మిగ్-21లు చెరోపక్కా కాపు కాస్తుండగా ఒక కొత్త బాంబర్ ఆ మైదానం మీదుగా వెళ్లింది. మ్యాసిష్చెవ్ రూపొందించిన ఎం-50. సూదిలా పొడవాటి శరీరం, త్రికోణాకారపు రెక్క, రెక్క చివర్ల కూడా ఇంజన్లు. దాని గురించి అంతకు ముందే, 1958 డిసెంబరులో ఒక అమెరికన్ విమానయాన పత్రిక, సోవియట్లు అణుశక్తితో నడిచే బాంబర్‌ని ఎగరేస్తున్నారని రాసింది. అణుశక్తీ లేదు, ఆ పత్రిక చెప్పిన శక్తీ లేదు. అప్పటికే ఆ పథకాన్ని ఆపేశారు. మ్యాసిష్చెవ్ డిజైన్ సంస్థని అంతకు ముందు ఏడాదే మూసేశారు. తుషినోలో జనం చప్పట్లు కొట్టిన ఆ విమానం దిగాక మళ్లీ ఎగరలేదు. ఇప్పుడు మాస్కో దగ్గర మోనినో మ్యూజియంలో, మంచులోనూ ఎండలోనూ ఆరుబయట నిలబడి ఉంది.